బావ గుండెను చూడబోయిన ప్రయాణం

మీలో పలాస వెళ్ళినవాళ్ళు ఎంతమంది? వెళ్ళి ఉండరు. పలాస జీడిపప్పు మాత్రం పాయసంలో వేసుకుని ఉంటారు. ఆ పక్కనే ఉన్న ఉద్దానం పేరు చెబితే "అయ్యో, కిడ్నీలు" అని నాలుక చప్పరించి పేపరు తిప్పేసి ఉంటారు. నేనూ ఆ బాపతే. కాకపోతే మా అక్క అక్కడ ఉంది కాబట్టి పూర్తిగా తిప్పెయ్యడం కుదరదు.

మా నాన్నది రైల్వే ఉద్యోగం. పలాసలో పనిచేసే రోజుల్లో అక్క సరోజినిని ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలున్న ఇంటికి ఇచ్చాడు. తర్వాత బదిలీ అయి మేం రాజమండ్రి చేరాం. అక్క అక్కడే ఉండిపోయి, మాటతో సహా అక్కడి మనిషైపోయింది. మొన్న వేసవి మొదట్లో ఫోన్ చేసింది.

"మీ బావ తోటకెల్లి వత్తంటే మద్దిలో నిలబడిపోతన్నాడే. గుండె మీద ఎవుడో కూకున్నట్టుందంట. ఎవులికీ సెప్పొద్దన్నాడు."

ఎవరికీ చెప్పొద్దన్నాడంటే నాకు చెప్పమని. టెక్కలిలో ఒక గుండె డాక్టరు చూసి, నాళాల్లో పూడిక ఉందో లేదో తెలియాలంటే సి.టి. యాంజియోగ్రాం తియ్యాలన్నాడట. నాకు ఊపిరాడింది. ఎందుకంటే అది నేను చేయించుకున్న పరీక్షే.

పోయిన ఏడాది ఎడమ చెయ్యి లాగుతోందని విశాఖలో చేయించుకున్నాను. పాత పద్ధతిలో అయితే తొడలోంచో మణికట్టులోంచో సన్నటి గొట్టం గుండె దాకా తోస్తారు. ఇందులో ఆ గొడవ లేదు. గుండె నెమ్మదిగా కొట్టుకోవడానికి ఒక మాత్ర, మోచేతి మడతలో ఒక సూది. పెద్ద గారె లాంటి మెషీన్ చిల్లులోకి బల్లతో సహా మనల్ని జరుపుతారు. గాలి పీల్చి బిగబట్టమంటారు. సూదిలోంచి రంగుమందు వెళ్ళగానే ఒళ్ళంతా వేడి పాకుతుంది. చీర తడిపేసుకున్నానేమో అని సిగ్గుతో చచ్చాను, తడపలేదు. ఆ మందు గుండె నాళాల్లో నిండే వేళకి గారె మన చుట్టూ గిర్రున తిరుగుతూ ఎక్స్-రేలు తీస్తుంది. అంతే, లేచి వెళ్ళి ఇడ్లీ తినొచ్చు. నా నాళాలు కొమ్మారెమ్మలతో సహా తెరమీద శుభ్రంగా కనిపించాయి. నోట్లోనే తప్ప నాలో ఎక్కడా దోషం లేదని మా ఆయన తేల్చాడు.

ఇంత సులువైన పరీక్షకి ఒక మనిషిని ఒప్పించలేనా? బావని టెక్కలి డాక్టరుకి మళ్ళీ చూపించి, చీటీ రాయించుకుని, తిరుగు ప్రయాణంలో నాతోబాటు విశాఖ తీసుకెళ్ళి గారెలోకి దూర్చాలి. అదీ నా ప్రయాణం. పుణ్యక్షేత్రాలు చూడ్డానికి నేను వెళ్ళలేదని ముందే చెప్పేస్తున్నాను.

పలాసలో ఉప్మా

రైలు ఆలస్యం. దిగేసరికి మా అక్క ఊరు వెళ్ళే ఆఖరి బస్సు పోయింది. స్టేషను ఎదురుగా లాడ్జిలో దోమలకి నన్ను నేను అప్పజెప్పుకున్నాను. తెల్లారి కిటికీ తీస్తే ఊరంతా జీడిగింజలు కాల్చిన వాసన. కమ్మగా ఉంటుందనుకునేరు, కాదు. ముక్కులో మంట పుట్టే ఘాటు. కమ్మదనం పొట్లంలోకెక్కి మన ఊళ్ళకొస్తుంది, ఘాటు వాళ్ళకి మిగులుతుంది.

టిఫిన్ హోటల్లో ఉప్మా చెప్పాను. మా రాజమండ్రి ఉప్మాలో జీడిపప్పు కోసం చెంచాతో తవ్వాలి. ఇక్కడ జీడిపప్పు తవ్వితే అడుగున ఉప్మా కనబడింది. ధర కూడా మా ఊళ్ళో ఒట్టి ఉప్మాకిచ్చేదే. ఇంత మంచి సంగతికి కూడా ఎవరితోనైనా పోట్లాడాలనిపించింది, మా ఊరి హోటలు వాళ్ళు దగ్గర లేరు.

ఊరికి షేర్ ఆటో దొరికింది. నా పక్కన కరుణమ్మ అని ఒకావిడ కూర్చుంది. జీడి పరిశ్రమలో గింజలు కొట్టే పని. వేళ్ళు జీడిరసానికి నల్లగా, గోళ్ళ దాకా కాలినట్టున్నాయి.

"వందనాలమ్మా. ఎవులింటికి?"

"కూర్మారావు గారింటికి. ఆయన మరదల్ని."

"ధర్మారావుగారి తమ్ముడిల్లా! పెద్దాయన డయాలసిస్ మంచం, మా ఆయన మంచం పక్కపక్కనే ఉండేయి. పెద్దాయన ఎల్లిపోనాడు. మా ఆయన్ని ఇప్పుడే మిసను కాడ పడుకోబెట్టి, కూడొండి తెద్దారని ఎల్తన్నాను." అని కాస్త ఆగి, "మరి నీదెంతమ్మా?" అంది.

"నాదేది?"

"అదేనమ్మా, కిరేటిని."

రక్తంలో క్రియాటినిన్ అంకె. మామూలుగా ఒకటికి అటూ ఇటూ ఉండాలి, పెరిగితే కిడ్నీ పని తగ్గుతోందని. మా వైపు ఆటో ఎక్కితే కులం అడుగుతారు, ఇక్కడ ఇది అడుగుతారు. నాకు తెలీదన్నాను. ఒళ్ళో పసిబిడ్డ ఉండి పేరు తెలీదన్నట్టు చూసింది నన్ను. వాళ్ళ బాప్టిస్టు చర్చిలో జబ్బుపడ్డవాళ్ళ కోసం ప్రార్థించేటప్పుడు పాస్టరుగారు పేరుతోపాటు అంకె కూడా చదువుతారట.

"దేవుడికి కూడా అంకె చెప్పాలా?" అన్నాను.

"సెప్పకపోతే ఎలగమ్మా? ఆయనకి మాత్రం ఎన్ని ఊల్లు!" అంది. నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఇసుకలో కొబ్బరి

కోనసీమ కొబ్బరి కాలవ నీళ్ళలో కాళ్ళు పెట్టుకు నిలబడుతుంది. ఉద్దానం కొబ్బరి ఇసుకలో నిలబడుతుంది. నడుమ జీడి, పనస, మునగ. తిత్లీ తుఫానుకి పడినవాటి స్థానంలో పెట్టిన మొక్కలు ఇప్పుడిప్పుడే మనిషెత్తు దాటుతున్నాయి. చూడ్డానికి ఎంత అందమో చెప్పలేను. ఈ అందంలో ఏ ఇంటి ముందు ఆగినా, ఎవరో ఒకరు లేరు.

మా బావ కూర్మారావు పొడుగాటి మనిషి. గుమ్మంలోనే, "ఏటి మరదలా, నన్ను గారె బొక్కలోకి దూర్చడానికి వచ్చినావంట? దూరతాను. గారెలంటే నాకు ఇట్టమే" అన్నాడు. నేను రైల్లో కూడబెట్టుకొచ్చిన వాదనలన్నీ దండగైపోయాయి.

భోజనం గురించి చెప్పాలి. కొబ్బరికోరు వేసి వండిన పనసకాయ కూర, వేయించిన ఉప్పుచేప, మజ్జిగలో కలిపిన చోడంబలి, అంటే రాగి అంబలి. అంబలిని మేము జ్వరమొచ్చిన వాళ్ళకి కూడా పెట్టం. ఇక్కడ అది రెండోసారి అడిగి తాగాను. ఉప్పుచేపకి దాహమేసి మంచినీళ్ళడిగితే, అక్క దగ్గుమందు పట్టేంత స్టీలు గ్లాసుతో పోసింది. మళ్ళీ అడిగాను. మళ్ళీ అంతే.

"ఏమే, కాకికి పోసినట్టు పోస్తున్నావు? కుళాయి ఉంది కదా ఇంట్లో?"

"కుళాయున్నాది. మంచి నీల్లే, పైపుల్లో దూరంనించొత్తాయి. నీకు ఎంత కావాలంటే అంత తాగు" అని చెంబు నా ముందు పెట్టింది. వాళ్ళిద్దరూ మాత్రం తాగలేదు. సాయంత్రం దాకా గమనించాను. పొద్దున నింపుకున్న చెంబు ఎవరిది వాళ్ళది. ఆ ఎండలో తోటకెళ్ళి వచ్చినా సరే, ఆ చెంబు రాత్రి దాకా రావాలి.

"ఏటి అలగ సూత్తావు?" అన్నాడు బావ. "అన్నయ్యకి డాక్టర్లు సెప్పిన కొలత ఇది. రోజుకింతే తాగాల అన్నారు. ఆడికి సెప్పింది మాకు మాత్రం మంచిది కాదేటి? ఒకే రగతం."

ధర్మారావు గారు పోయి మూడు వేసవులైంది. ఆయన కొలత ఆ ఇంట్లో అప్పట్నించీ నడుస్తూనే ఉంది.

టెక్కలి

టెక్కలి బస్టాండు దగ్గర వేడి వేడి బజ్జీలు తిందామంటే పరీక్షకి ముందు వద్దని బావని ఆపాను. ఆయన చూస్తూ ఉండగా నేను తిన్నాను. డాక్టరు గది బయట చెప్పులు విప్పితే ఎవరో నా చెప్పులు వేసుకుపోయి, తమవి వదిలేశారు. మగవాళ్ళవి, పెద్దవి. మిగిలిన రోజులన్నీ ఉద్దానంలో అవే ఈడ్చుకు తిరిగాను. ఎవరివో గానీ మెత్తగా ఉన్నాయి.

డాక్టరు కుర్రవాడు, మర్యాదస్తుడు. రంగుమందు ఒంట్లోంచి బయటికి పోవలసింది కిడ్నీల గుండానే కాబట్టి, రక్తం చూడకుండా విశాఖకి చీటీ రాయనన్నాడు. రక్తమిచ్చి కూర్చున్నాం. ఫలితం వచ్చింది. అంకె రెండు దాటింది.

అక్క కుర్చీ పట్టుకుంది. ఆ ఇంట్లో ధర్మారావు గారి ప్రయాణం కూడా ఆ అంకె దగ్గర్నించే మొదలైందట.

"నీళ్ళు బాగా తాగుతున్నారా?" డాక్టరు అడిగాడు.

"నేదండీ. బాగా తగ్గించీసినాను" అన్నాడు బావ, బుద్ధిమంతుడిలా. చెంబు కొలత చెప్పాడు.

డాక్టరు పెన్ను కింద పెట్టేశాడు. "బాబుగారూ, ఆ కొలత కిడ్నీలు పూర్తిగా ఆగిపోయినవాళ్ళకి. వాళ్ళకి నీళ్ళు బయటికి పోవు కాబట్టి తక్కువ తాగమంటాం. మీకు పోతాయి. మీరు ఎండలో పనిచేసి ఇంత తాగితే కిడ్నీలు ఎండిపోతాయి. మీకెవరు చెప్పారు ఇలా?"

"మాకెవులు సెప్తారండీ. అన్నకి సెప్పినారు, ఇన్నాం."

సోమవారం దాకా బాగా నీళ్ళు తాగమనీ, అంకె దిగితే అప్పుడు చూద్దామనీ పంపించాడు. కొబ్బరినీళ్ళు మాత్రం వద్దన్నాడు, ఈ అంకెతో అవి మంచివి కావట. కొబ్బరితోట ఉన్న మనిషికి. నేను బయటికొచ్చి ఎవర్ని తిట్టాలో తెలియక నా చెప్పులు ఎత్తుకుపోయినవాణ్ణి తిట్టాను.

సముద్రం ఒడ్డు

ఆ రోజులు నేను బావ మీద కాపలా. ఎక్కడికెళ్ళినా పెద్ద నీళ్ళ సీసాతో వెనకాలే. "పోలీసు మరదలు" అని వీధిలో పేరు పెట్టారు. ఆయన ఒక గుక్క తాగేవాడు, గొంతు దగ్గర ఆపేవాడు, మింగడానికి ముఖం అంతా పనిచేసేది. మందు తాగినట్టు నీళ్ళు తాగే మనిషిని నేనెక్కడా చూడలేదు.

ఒక సాయంత్రం సముద్రానికి వెళ్ళాం. తోటల్లోంచి నడిచి వెళ్ళొచ్చు గాని, బావ సగంలో ఆగిపోతాడని ఆటోలో వెళ్ళాం. జాలర్లు తెప్పలు ఒడ్డుకెక్కించి వలలు దులుపుకుంటున్నారు. అక్క చేపలు బేరమాడుతోంది. ఇసుకలో కూర్చుని సీసా అందించాను.

"ఇంకాపు మరదలా. తాగలేకపోతన్నాను."

"నీళ్ళే కదా బావా, విషమా?"

బావ సీసా తిరిగి నా చేతిలో పెట్టేశాడు. "అన్నయ్యకి నీల్లు కొలిసి ఇచ్చినోణ్ణి నానే. వదిన ముందే ఎల్లిపోయింది గదా. ఆకర్రోజుల్లో వేసంకాలం. ఒరే కూర్మం, ఒక్క గుక్క, ఒరే, అనీవోడు. ఇవ్వకూడదు. ఇత్తే ఊపిరాడదు. నాను తడిగుడ్డ పెదాలకి అద్దీవోణ్ణి. ఆడు గుడ్డని పళ్ళతో పట్టీసుకునీవోడు. నాను లాక్కునీవోణ్ణి."

అలలు వచ్చి పోతున్నాయి. నేను సీసాకి మూత పెట్టేశాను.

"పెద్దోడు, నన్నెత్తుకుని పెంచినోడు. ఆడి నోట్లోంచి గుడ్డ లాక్కున్నాను మరదలా. ఇప్పుడు నువ్వు తాగు తాగు అని సీసాలకి సీసాలు పోత్తన్నావు. ఎలగ దిగుద్ది?"

వాదించడానికి ఇందులో ఏముంది? మీకు చెప్పిన గ్లాసుల కథంతా, రక్తం ఒకటే అన్న మాటంతా, పైపైది. లోపల ఇది ఉంది. అన్నకి దొరకనిది తను తాగడం ఆయనకి చేతకాలేదు. అదే కొలతతో బతకడం ఆ మనిషి పెట్టుకున్న తద్దినం. ఏటా ఒకరోజు కాదు, రోజూ.

అక్క చేపలతో వచ్చింది. మమ్మల్ని చూసి, ఏమీ అడక్కుండా బావ పక్కన కూర్చుంది. సీసా నా చేతిలోంచి తీసుకుని, ముందు తను తాగింది. గటగటా, సగం దాకా. మిగిలింది ఆయనకిచ్చింది. "నానూ తాగినాను. పాపముంటే ఇద్దరికీ. తాగు" అంది. తాగాడు. అక్కకి చదువు తక్కువ అని మా ఇంట్లో ఒక మాట ఉండేది. ఆ మాట అన్నవాళ్ళెవరూ ఇప్పుడు బతికి లేరు, లేకపోతే ఒడ్డుకి పిలిపించేదాన్ని.

మళ్ళీ టెక్కలి

సోమవారం అంకె దిగింది. రెండుకి కిందికి. నేను డాక్టరు గదిలోనే చప్పట్లు కొట్టబోయాను. డాక్టరు నవ్వలేదు.

"దిగింది, మంచిదే. కానీ మామూలుకి రాలేదు. నీళ్ళు తక్కువై పెరిగినంత మేరకే దిగింది. మిగిలింది జబ్బే."

"మరి పరీక్ష?"

"చెయ్యొచ్చు మేడమ్. ముందూ వెనకా సెలైన్ ఎక్కించి, రంగుమందు తగ్గించి చేస్తారు. ఇలా చేస్తే చాలామందికి ఏమీ కాదు. అయితే ఈయనకి ఏమీ కాదని నేను హామీ ఇవ్వలేను. చెయ్యకపోతే గుండెలో ఏముందో తెలియకుండా మందులివ్వాలి. అది కూడా ప్రమాదమే. నిర్ణయం మీరే తీసుకోవాలి."

నేను బావవైపు తిరిగాను. "విన్నావుగా. చాలామందికి ఏమీ కాదు."

"బాబూ," బావ డాక్టరుతో అన్నాడు, నాతో కాదు. "ఆ శానామందిలో మా ఉద్దానపోళ్ళు ఎంతమందున్నారండీ?"

డాక్టరు బావ రిపోర్టు మళ్ళీ తిరగేశాడు. "తక్కువమందే ఉంటారు బాబుగారూ" అన్నాడు.

"మా ఊల్లో జొరానికి మాత్రేసుకున్నోడికి కూడా అంకె పెరిగింది. మా జబ్బు ఎందుకొచ్చిందో ఇన్నేల్లయినా తెల్దన్నారు. తెల్దన్నప్పుడు, ఏం కాదని ఎలగ తెలుసుద్ది?"

"బావా, గుండె ఆగితే?" నా గొంతు పెద్దదైంది. బయట కూర్చున్నవాళ్ళు తొంగి చూశారు. చూడనివ్వండి. "తోటలో పడిపోతే ఎవరు చూస్తారు? ఫోటోలో శుభ్రంగా ఉంటే ఈ బెంగంతా పోతుంది కదా! నీళ్ళు మానేసి ఇన్నాళ్ళూ కిడ్నీల్ని చంపుకున్నావు, ఇప్పుడు కిడ్నీల పేరు చెప్పి గుండెని చంపుకుంటావా?"

"శుబ్రంగా నేకపోతే? పూడికుందంటే తీగెట్టి స్టెంటు ఎయ్యాలంటారు. అప్పుడు మల్లీ ఇదే మందు. అవునా బాబూ?"

"అవునండీ."

"అదీ సంగతి. గుండె అయితే ఒక్కపాలే ఆగిపోద్ది మరదలా. కిడ్నీ అలగ కాదు. నాను కొలిసినాను, నాకు తెలుసు. సరోజిని సేత ఆ కొలత కొలిపించను."

ఇరవై ఏళ్ళుగా నేను బ్యాంకులో, అపార్ట్‌మెంటులో, పెళ్ళిళ్ళలో, రైల్వే కౌంటర్ల దగ్గర వాదిస్తూనే ఉన్నాను. అవతలివాళ్ళు తప్పు అయినప్పుడు గెలవడం తేలిక. బావ మాటలో తప్పెక్కడుందో ఇప్పటికీ వెతుకుతున్నాను. డాక్టరు కూడా వెతికినట్టే కనిపించాడు. తర్వాత తలవంచి మందులు రాశాడు. రక్తం గడ్డకట్టకుండా ఒకటి, కొవ్వుకి ఒకటి, గుండె వేగానికి ఒకటి. నొప్పి వస్తే నాలుక కింద పెట్టడానికి చిన్న మాత్రలు. బరువులెత్తొద్దు, ఎండలో పనొద్దు, నీళ్ళు మానొద్దు అని చెప్పాడు. బావ అన్నిటికీ సరేనన్నాడు. అన్నిటికీ సరేననేవాడిలో ఏదో తప్పుంటుందని నాకు అనుమానం.

బయటికొచ్చాక బావ, "బజ్జీలు తిందుము పద. ఇయ్యాల పరీచ్చ నేదు గదా" అన్నాడు. ముగ్గురం తిన్నాం. అక్క ఒక్క బజ్జీయే తింది.

పలాస స్టేషను

బావ నాకోసం జీడిపప్పు కొనడానికి బజారులోకి వెళ్ళాడు. వద్దంటే వినడు. "గుండ్లు తెత్తాను, ఇరిగిన బద్దలిచ్చి పంపితే రాజమండ్రిలో నా పరువేటవుద్ది" అని.

బల్ల మీద అక్కా నేనూ. అక్క ఆ చిన్న మాత్రల పట్టీ తీసి ఎలా వాడాలో మళ్ళీ చూపించమంది. చూపించాను. నాలుక కింద. మింగకూడదు. కూర్చోబెట్టి పెట్టాలి, నిలబెట్టి కాదు, కళ్ళు తిరుగుతాయి. తగ్గకపోతే వెంటనే అంబులెన్సుకి ఫోన్ చెయ్యాలి.

"నిద్దట్లో వత్తే?"

"లేపు."

"లెగకపోతే?"

నేను పట్టీ అక్క చేతిలో పెట్టాను. అక్క దాన్ని కొంగున కట్టుకుంది. అంతలో బావ వచ్చేశాడు, చెమటలు కక్కుతూ, రెండు పొట్లాలతో. ఎందుకంత వేగంగా నడిచావని అక్క తిట్టింది. "రైలు నాకోసం ఆగుద్దేటి?" అన్నాడు.

వచ్చి నెల దాటింది. నేను ఎంత మాటకారినో, మా అక్క ఫోన్లో అంత పొదుపు. రోజూ తెల్లవారగానే ఫోన్ మోగుతుంది. కుశలాలు లేవు, కబుర్లు లేవు.

"లెగిసినాడే" అంటుంది. పెట్టేస్తుంది.

ఇవాళ కూడా అంది.